పాతాళ భైరవి: ఇన్నేళ్ళ తరువాత మళ్ళీ

విజయా వారి 'పాతాళ భైరవి' 1951 మార్చి 15న విడుదలైన చిత్రం. చిన్నతనంలో నేను ప్రాణంగా ఇష్టపడిన ఈ జానపద సాహస కథను ఈ వేసవి సెలవుల్లో, కూకట్‌పల్లిలోని మా చెల్లెలి ఇంట్లో, ఆమె పిల్లలిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చూశాను. చిన్నప్పుడు నచ్చినవన్నీ పెద్దయ్యాక కూడా నచ్చాలన్న నియమమేమీ లేదు. ఆ వయసులో ఎగబడి చూసిన సినిమాలు కొన్ని ఇప్పుడు పట్టుమని పది నిమిషాలు కూర్చోనివ్వవు. ఇది మాత్రం మూడు గంటలకు పైబడిన నిడివిలో చాలా భాగం నన్ను కదలనివ్వలేదు. అది దేనివల్ల సాధ్యమైందో, ఎక్కడెక్కడ పట్టు సడలిందో, ఈ నగరంలో నేటి పిల్లలకు దీన్ని చూపించదలచుకున్నవారు ఏయే జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పడానికే ఈ సమీక్ష.

నా తరం వారిలో చాలామందికి ఈ చిత్రం థియేటరులో కాక దూరదర్శన్‌లోనే పరిచయమైంది. నల్లకుంటలో మేమున్న వాటాల ఇంట్లో టీవీ ఇంటివారికి మాత్రమే ఉండేది. తెలుగు సినిమా వచ్చే రోజు సాయంత్రానికి వాళ్ళ ముందుగది నిండిపోయేది. పిల్లలం చాప మీద, పెద్దవాళ్ళు వెనుక, ఆలస్యంగా వచ్చినవాళ్ళు గుమ్మంలో. అప్పట్లో ఈ సినిమా అంటే నాకు గుహ, మొసలి, గడ్డం మాంత్రికుడు, అడిగింది అడిగినట్టు ఇచ్చే బొమ్మ. మిగిలినదంతా వీటి మధ్య ఓపిగ్గా దాటవలసిన కాలం. పాట రాగానే మంచినీళ్ళకు లేచేవాళ్ళం, మాంత్రికుడి గొంతు వినబడగానే పరుగెత్తుకొచ్చి కూర్చునేవాళ్ళం.

కథ తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఉజ్జయినిలో తోటమాలి కొడుకు తోట రాముడు రాజకుమారి ఇందుమతిని ప్రేమిస్తాడు. ఆమె కోసం అంతఃపురానికి చేరి పట్టుబడతాడు. తనంతటి ఐశ్వర్యం సంపాదించుకుని వస్తేనే పిల్లనిస్తానని రాజు షరతు పెడతాడు. అదే సమయానికి నేపాళ మాంత్రికుడొకడు పాతాళ భైరవికి బలి ఇవ్వడానికి తెలివీ తెగువా ఉన్న యువకుడి కోసం వెతుకుతుంటాడు. ఆ బలితో దేవి ప్రసన్నమైతే, కోరినదల్లా ప్రసాదించే ప్రతిమ చేతికి వస్తుంది. ఐశ్వర్యం ఇప్పిస్తానని మాంత్రికుడు రాముణ్ణి వెంటబెట్టుకుపోతాడు. శాపం వల్ల మొసలిగా పడి ఉన్న అప్సరస రాముడి చేతిలో విముక్తి పొంది అసలు సంగతి చెప్పేస్తుంది. రాముడు మాంత్రికుణ్ణే బలి ఇచ్చి ప్రతిమను దక్కించుకుంటాడు. కథ ఇక్కడితో అయిపోయిందని అనుకునేంతలో అసలు కథ మొదలవుతుంది.

మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' దీనికి మూలమని చెబుతారు. అరేబియా కథల్లోని అల్లావుద్దీన్ దీపం ఛాయ కూడా ఇందులో స్పష్టంగానే ఉంది. దీపం స్థానంలో ప్రతిమ, భూతం స్థానంలో భైరవి. అయితే ఈ రెండు దారుల నుంచి వచ్చిన సరుకును రచయిత పింగళి నాగేంద్రరావు గారు తీసుకున్నచోట తీసుకున్నట్టు పెట్టలేదు, ఉజ్జయిని వీధుల్లో తిరిగే తెలుగువాళ్ళ కథగా మార్చేశారు. రాముడు తల్లితో మాట్లాడే తీరు, స్నేహితుడు అంజి రాముడి వెంట పడే తీరు, రాజుగారి బావమరిది సూరసేనుడి డాబు, ఇవేవీ పరదేశపు కథలో దొరికేవి కావు.

ఇప్పుడు చూస్తున్నప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ కథలో మాయకున్న కట్టుబాటు. జానపద చిత్రం అనగానే ఏదైనా ఎప్పుడైనా జరగవచ్చునన్న అభిప్రాయం మనలో స్థిరపడింది. తరువాతి కాలంలో వచ్చిన జానపదాలలో అనేకం ఆ అభిప్రాయానికి తగినట్టే ఉన్నాయి. కథానాయకుడు చిక్కుల్లో పడితే ఆకాశం నుంచి ఒక కత్తి దిగివస్తుంది, ఆ కత్తి సంగతి అంతకుముందు ఎవరూ చెప్పి ఉండరు. ఈ చిత్ర దర్శకుడు కె.వి.రెడ్డి గారు ఆ పని చేయలేదు. ఇందులో ప్రతి మహిమకూ ఒక నియమం ఉంది, ఆ నియమాన్ని ప్రేక్షకుడికి ముందే తెలియజేస్తారు, ఒకసారి చెప్పాక ఎవరి కోసమూ దాన్ని సడలించరు.

ప్రతిమ సంగతే చూడండి. 'నరుడా, ఏమి నీ కోరిక?' అని అడిగే భైరవికి మంచివాడు, చెడ్డవాడు అన్న తేడా లేదు. ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వారి మాట వింటుంది. రాముడి చేతిలో ఉన్నప్పుడు భవనాన్ని కట్టి ఇచ్చిన ఆ దేవతే, చచ్చి మళ్ళీ బతికివచ్చిన మాంత్రికుడి చేతికి చిక్కగానే అదే భవనాన్ని ఇందుమతితో సహా ఎత్తుకుపోతుంది. భైరవిగా వేసిన గిరిజ గారు రెండు సందర్భాలలోనూ ఒకే ముఖంతో, ఒకే స్వరంతో ఆ ప్రశ్న అడుగుతారు. చిన్నప్పుడు ఆ ముఖం చూస్తే నాకు సంబరంగా ఉండేది, ఇప్పుడు కొంచెం భయం వేసింది. ఎవరి పక్షమూ వహించని శక్తి అంటే ఏమిటో అంత తేలిగ్గా, ఒక్క వివరణ కూడా ఇవ్వకుండా చూపించిన దృశ్యాలు మన సినిమాల్లో అరుదు.

చెల్లెలి కొడుకు, మూడో తరగతి చదువుతున్నవాడు, సరిగ్గా ఈ చోటనే నన్ను ఆపాడు. 'పెద్దమ్మా, ఆ బొమ్మ ఎవరి దగ్గరుంటే వాళ్ళ మాటే వింటుందా? మరి రాముడు దాన్ని జాగ్రత్తగా దాచుకోవాలి కదా?' అని అడిగాడు. వాడు ఆ మాట అన్న కాసేపటికే మాంత్రికుడు సూరసేనుడి చేత ప్రతిమను దొంగిలింపజేయడం మొదలైంది. వాడు లేచి నిలబడ్డాడు. తరువాత ఏం జరగబోతోందో వాడికి తెలుసు, రాముడికి తెలియదు. ఆ ఎడం వల్లనే వాడు మూడు గంటల సినిమాలో మొదటిసారి టీవీకి ఎదురుగా వెళ్ళి కూర్చున్నాడు. నియమం ముందే తెలియడం వల్ల కలిగే ఉత్కంఠ ఇది. డెబ్బై ఏళ్ళు దాటిన సినిమా ఈ కాలపు పిల్లవాణ్ణి ఇలా పట్టి కూర్చోబెట్టిందంటే, ఆ గొప్పతనం కెమెరా తంత్రాలది కాదు, కథ అల్లినవారిది.

మిగిలిన మహిమలు కూడా ఇదే పద్ధతిలో నడుస్తాయి. తల తెగిపడిన మాంత్రికుడు మళ్ళీ బతకడానికి సంజీవని కావాలి. దాన్ని ఉపయోగించడానికి శిష్యుడు సదాజపుడు కావాలి. అంటే శిష్యుణ్ణి మొదటి నుంచి కథలో ఉంచింది కేవలం నవ్వించడానికి కాదన్నమాట. మాంత్రికుడి శక్తులు గడ్డంలో ఉన్నాయి కాబట్టి అతన్ని గెలవాలంటే కత్తియుద్ధం చాలదు, గడ్డం తీయించాలి. అతని చేత గడ్డం తీయించాలంటే అతనికి ఒక బలహీనత ఉండాలి. ఆ బలహీనత ఇందుమతి. ఇలా వెనక్కి లెక్క కట్టుకుంటూ పోతే చివరి విజయానికి కావలసిన సరంజామా అంతా సినిమా సగం కాకముందే మన కళ్ళ ముందు పరిచి ఉందని తెలుస్తుంది. మాయం చేసే శాలువా, కోరిన చోటికి చేర్చే పాదరక్షలు ఒక్కటే ఆలస్యంగా వచ్చి కొంత సులువుగా దొరికినట్టు అనిపిస్తాయి. మొత్తం కథలో రచయిత తనకు తాను చేసుకున్న సదుపాయం అదొక్కటే.

ఇక మాంత్రికుడి గురించి చెప్పాలి, కొంచెం ఎక్కువే చెప్పాలి. ఆ వేషం వేసిన ఎస్.వి.రంగారావు గారు 1918లో పుట్టారు. అంటే ఈ సినిమా విడుదలైనప్పుడు ఆయనకు ముప్ఫై మూడేళ్ళు కూడా నిండలేదు. తోట రాముడిగా వేసిన, 1923లో పుట్టిన ఎన్.టి.రామారావు గారికన్నా ఐదేళ్ళే పెద్ద. తెర మీద వారిద్దరి మధ్య ఒక తరం ఎడం కనిపిస్తుంది. ఆ వయసును మేకప్ ఒక్కటే తేలేదు. నడక తెచ్చింది, చూపు తెచ్చింది, తొందర లేని మాట తెచ్చింది. అంతకుముందు ఏడాది 'షావుకారు'లో సున్నపు రంగడిగా కనిపించిన మనిషే ఇతనని తెలియనివారికి చెబితే నమ్మడం కష్టం.

చిన్నప్పుడు ఆయన నవ్వు వినబడితే నేను మా అమ్మ చీర కొంగు పట్టుకునేదాన్ని. ఇప్పుడు ఆయన నవ్వని చోట్ల భయం వేసింది. రాముడితో మాట్లాడేటప్పుడు ఆయన గొంతులో వాత్సల్యం ఉంటుంది. బలి ఇవ్వబోయేవాడిమీద కసాయికి ఉండే వాత్సల్యం కాదది, మంచి శిష్యుడు దొరికిన గురువు ముచ్చటపడుతున్నట్టే ఉంటుంది. 'సాహసం సేయరా డింభకా, రాకుమారి లభిస్తుందిరా' అన్న మాటను తెలుగునాట తెలియనివారు ఉండరు. ఆ మాటను విడిగా విన్నప్పుడు అది బెదిరింపులా తోస్తుంది. సినిమాలో విన్నప్పుడు అది ప్రోత్సాహం. రాముడి ధైర్యాన్ని అతని తల్లి ఆపాలని చూస్తుంది, రాజు శిక్షించాలని చూస్తాడు, మెచ్చుకున్నవాడు మాంత్రికుడొక్కడే. అతని మెప్పు నిజమైనది కావడమే ఇందులోని దారుణం. ఎందుకంటే పిరికివాడు బలికి పనికిరాడు.

ఆయన చేతివేళ్ళను ప్రత్యేకంగా గమనించమని చూసేవారిని కోరుతున్నాను. ఆలోచనలో పడినప్పుడు ఆయన చేయి తనంతట తానే గడ్డం మీదికి పోతుంది. ఆ గడ్డంలోనే అతని బలమంతా ఉందని తెలిశాక చూస్తే, అది నటుడి అలవాటులా కాక మూట భద్రంగా ఉందో లేదోనని తడిమి చూసుకునే మనిషి జాగ్రత్తలా కనిపిస్తుంది. చివర్లో సదాజపుడి వేషంలో ఉన్న అంజి మాటలకు లొంగి, రాజకుమారి మెప్పు కోసం గడ్డం తీయించుకోవడానికి సిద్ధపడినప్పుడు ఆ మహా మాంత్రికుడి ముఖంలో కొత్త పెళ్ళికొడుకు సిగ్గు తొంగి చూస్తుంది. మా ఇంట్లో పిల్లలు ఆ దృశ్యానికి పడీ పడీ నవ్వారు. నాకు నవ్వుతో పాటు జాలి కూడా కలిగింది. ఇంత తపస్సు చేసి, ప్రాణం పోగొట్టుకుని తిరిగి తెచ్చుకుని, కోరినదల్లా ఇచ్చే ప్రతిమను చేత పట్టుకుని కూడా, ఆ మనిషి ఒక అమ్మాయి తనను ఇష్టపడాలన్న దగ్గర బోల్తా పడ్డాడు. ఆమె ఇష్టాన్ని ప్రతిమ ఇవ్వలేదు కాబట్టే కదా అతనికి క్షవరం అవసరమైంది! ఈ సంగతి చిన్నతనంలో తట్టే అవకాశమే లేదు.

పద్మనాభం గారి సదాజపుడు గురించి ఒక మాట. 'మోసం గురూ' అని ఆయన మొత్తుకునే తీరు ఇప్పటికీ అంతే తాజాగా ఉంది. గురువంటే ప్రాణభయం, గురువు లేకపోతే గతి లేనితనం, రెండూ ఆ సన్నటి శరీరంలో ఒకేసారి కనిపిస్తాయి. అంజిగా వేసిన ఆనాటి హాస్యనటుడు బాలకృష్ణ గారికి ఆ పాత్ర పేరే ఇంటిపేరులా మారి, తరువాత జీవితమంతా 'అంజిగాడు'గానే గుర్తుండిపోయారు. ఆ గుర్తింపు న్యాయమైనదే. రాముడికి తెగువ ఉంటే అంజికి సమయస్ఫూర్తి ఉంది, చివరి ఘట్టంలో పని జరిగింది అంజి వల్లనే.

రామారావు గారి తోట రాముడిని చూస్తే, తరువాత కాలంలో ఆయన చుట్టూ ఏర్పడిన గాంభీర్యమంతా ఇక్కడ ఇంకా రాలేదని తెలుస్తుంది. ఇరవై ఏడేళ్ళ యువకుడు, శరీరం తేలికగా ఉంది, ముఖంలో అల్లరి ఉంది, తప్పు చేసి తల్లి ముందు నిలబడినప్పుడు చూపులు నేల మీదికి పోతాయి. రాజసభలో తల ఎత్తి మాట్లాడినప్పుడు కూడా అది వీరుడి ధిక్కారంలా ఉండదు, తన మాటలో తప్పేముందో నిజంగానే అర్థంకాని కుర్రవాడి నిబ్బరంలా ఉంటుంది. తల్లి పాత్ర వేసిన సురభి కమలాబాయి గారు 1932 నాటి 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించిన తొలితరం కథానాయిక. కొడుకును పంపించి ఒంటరిగా మిగిలిన ఆ ముఖం మీదికి నా దృష్టి చిన్నప్పుడు ఒక్కసారీ పోలేదు. ఇప్పుడు ఆమె ఉన్న దృశ్యాల్లో నేను రాముణ్ణి చూడలేకపోయాను. రాముడు వలలో పడిన తీరును చెబుతూ వి.జె.వర్మ గారు పాడిన 'ప్రేమ కోసమై వలలో పడెనే' పాట ఒకప్పుడు మంచినీళ్ళకు లేచే సమయం. ఈసారి దాన్ని వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను.

రాజు పెట్టిన షరతు కూడా పెద్దయ్యాకే అర్థమయ్యేది. అతనికి రాముడి గుణంతో పేచీ లేదు. అతని అభ్యంతరమంతా తోటమాలి కొడుకు కావడం దగ్గర, డబ్బు లేకపోవడం దగ్గర. సి.ఎస్.ఆర్. ఆంజనేయులు గారు ఆ రాజును క్రూరుడిగా చేయలేదు. మర్యాద తెలిసిన, కూతురిమీద ప్రేమ ఉన్న, అంతస్తు విషయం వచ్చేసరికి మాత్రం గట్టిపడే పెద్దమనిషిగా చేశారు. అలాంటి పెద్దమనుషులను మనం పెళ్ళి సంబంధాల దగ్గర చూస్తూనే ఉంటాం. భవనం, పరివారం, ధనం కళ్ళబడగానే అతను రాముణ్ణి అల్లుడిగా అంగీకరిస్తాడు. ఆ ధనం ఎక్కడిదన్న ప్రశ్న అతనికి రాదు. సినిమా ఈ విషయంలో రాజును మందలించదు, వెనకేసుకురాదు. మామూలు విషయంలా చూపించి ముందుకు పోతుంది. నాకైతే అక్కడ కాసేపు ఆగాలనిపించింది.

ఇందుమతి విషయంలో ఈ సినిమా నన్ను నిరాశపరిచింది. కె.మాలతి గారి నటనలో లోపం లేదు, పాత్రలోనే చోటు లేదు. మొదటి సగంలో ఆమె కిటికీ దగ్గర, తోటలో, చెలికత్తెల మధ్య ఎదురుచూస్తుంది. రెండో సగంలో మాంత్రికుడి చెరలో ఎదురుచూస్తుంది. మాంత్రికుణ్ణి ఆమె నిరాకరించే ఘట్టాల్లో పౌరుషం ఉంది, అయితే ఆ పౌరుషం కథను ఏ మలుపూ తిప్పదు. చెల్లెలి కూతురు ఏడో తరగతి చదువుతోంది. 'ఆవిడ తనంతట తను ఏమీ చేయదా పెద్దమ్మా?' అని అడిగింది. చేయదని ఒప్పుకోవలసి వచ్చింది. ఇదే దర్శకుడు, ఇదే రచయిత ఆరేళ్ళ తరువాత 'మాయాబజార్'లో శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి గారికి ఎంత పెద్ద ఆటస్థలం ఇచ్చారో తెలిసినవారికి ఇక్కడి కొరత మరింత కనిపిస్తుంది. విశేషమేమిటంటే ఆ సావిత్రి గారు ఈ సినిమాలో కూడా ఉన్నారు, ఒక చిన్న నృత్యంలో. పిల్లలు గుర్తుపట్టలేదు, నేను ఆపి చూపించాను.

ఛాయాగ్రహణం గురించి పెద్ద తెర మీద చూసినవారు నాకన్నా బాగా చెప్పగలరు. అయినా 'కలవరమాయే మదిలో' పాటలోని వెన్నెల టీవీ మీద కూడా వెన్నెలలాగే ఉంది. మార్కస్ బార్ట్లే గారు వెలుగును పలచగా పరిచి నీడలను మెత్తగా వదిలారు. రాత్రిపూట ఇద్దరు మనుషులు దూరదూరంగా ఉండి ఒకే పాట పాడుకుంటున్నారన్న భావం ఆ వెలుగులోనే ఉంది. ఘంటసాల గారు, పి.లీల గారు గొంతు పెంచకుండా పాడిన ఆ పాటకు అంతకన్నా ఎక్కువ వెలుగు అక్కర్లేదు కూడా. గోఖలే, కళాధర్ గార్ల కళాదర్శకత్వంలో మద్రాసు వాహినీ స్టూడియోలో వేసిన ఆ గుహ, ఆ భైరవి విగ్రహం కంప్యూటరు లేని కాలంలో చెక్క, సున్నం, గుడ్డ, దీపాలతో నిలబెట్టినవి. కొన్ని చోట్ల అతుకు తెలిసిపోతుంది, నిజమే. భవనం గాలిలో తేలే దృశ్యంలో పిల్లలు అది బొమ్మ అని వెంటనే కనిపెట్టేశారు. కనిపెట్టాక కూడా చూడటం ఆపలేదు, ఆ బొమ్మలో ఎవరున్నారో వాళ్ళకు ముఖ్యమైపోయింది.

పట్టు సడలిన భాగాలు లేకపోలేదు. సూరసేనుడిగా రేలంగి గారు స్వయంగా పాడిన 'వినవే బాల నా ప్రేమ గోల' ఇప్పటికీ నవ్విస్తుంది గానీ, ఆ పాత్ర హాస్యం తరువాత తరువాత ఒకే చోట తిరుగుతుంది. నృత్యాలు కొన్ని కథను ఆపేసి నిలబడతాయి. మాంత్రికుడు భవనాన్ని ఎత్తుకుపోయాక రాముడు, అంజి వెతుకుతూ తిరిగే భాగంలో ఒక ఇరవై నిమిషాలు తగ్గించినా నష్టం ఉండేది కాదు. 1951 నాటి ప్రేక్షకుడు ఇల్లు వదిలి, టిక్కెట్టు కొని, రాత్రంతా నాటకం చూసిన అలవాటుతో వచ్చి కూర్చునేవాడు. అతనికి ఆ నిడివి అన్నివిధాలా తగినదే. నేటి ఇంట్లో, ఫోను పక్కన పెట్టుకుని చూసేవారికి అది పరీక్షే.

ఎలా చూడాలన్న విషయానికి వస్తే, ఇంటర్నెట్‌లో దొరికే ప్రతులలో మంచిచెడ్డల తేడా చాలా ఉంది. ఆ కాలపు సినిమా చట్రం దాదాపు చతురస్రానికి దగ్గరగా ఉండేది. దాన్ని నేటి వెడల్పు టీవీకి సరిపోవాలని అడ్డంగా సాగదీసిన ప్రతులలో రామారావు గారు పొట్టిగా, మాంత్రికుడు లావుగా కనిపిస్తారు. పైనా కిందా కోసేసిన ప్రతులు ఇంకా అన్యాయం, తలపాగాలు, పాదాలు కనిపించవు. రెండు పక్కలా నల్లటి ఖాళీ వదిలిన ప్రతి దొరికితే అదే సరైనది. టీవీ సెట్టింగులలో చిత్రం కొలతను యథాతథంగా ఉంచమని పెట్టుకోవాలి, లేకపోతే మంచి ప్రతి దొరికినా టీవీయే సాగదీస్తుంది. శబ్దం కొంచెం గరగరలాడుతుంది, మొదటి పావుగంటలో చెవి దానికి అలవాటుపడుతుంది.

కొన్నేళ్ళ క్రితం నగరంలో ఒక చిన్న హాల్లో పాత సినిమాల ప్రదర్శన అని ప్రకటన చూసి ఎంతో ఆశతో ఈ సినిమాకే వెళ్ళాను. నిర్వాహకులు సమయం చాలదని పాటలు సగం కోసేశారు, బొమ్మను తెర నిండేలా సాగదీశారు, అందువల్ల నేను ఇంటర్వెల్ దాకా కూడా కూర్చోలేకపోయాను. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో చూపించిన చిత్రానికి, తెలుగు చిత్రపరిశ్రమ స్థిరపడిన ఈ నగరంలో ఆ గతి పట్టడం నాకు నిజంగా బాధ కలిగించింది. పాత హిట్లను శుభ్రపరిచి మళ్ళీ విడుదల చేస్తే యువకులు అర్ధరాత్రి ఆటలకు కూడా ఎగబడుతున్న ఊరిది. ఆ శ్రద్ధలో కొంత ఈ సినిమాకు దక్కితే, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఏదో ఒక ఒంటి తెర హాల్లో మాంత్రికుడి ముఖం అంత ఎత్తున కనిపిస్తే, మొదటి వరుసలో కూర్చోవడానికి నేను సిద్ధం.

పిల్లలతో చూసేవారికి నా సలహా ఇది. ఒకే బిగిన చూపించవద్దు. మాంత్రికుడు బలి కావడంతో మొదటి రోజు ఆపండి, అక్కడ పిల్లలకు కథ తీరినట్టే ఉంటుంది, మరునాడు సదాజపుడు సంజీవనితో మొదలుపెడితే కొత్త ఉత్సాహం వస్తుంది. ఆరేళ్ళలోపు పిల్లలకు గుహ దృశ్యాలు, తల తెగే ఘట్టం భయం కలిగించవచ్చు, కొంచెం ఆగడం మంచిది. ఎనిమిదేళ్ళు దాటినవారికి నిస్సంకోచంగా చూపించవచ్చు. మాటలు గ్రాంథికంగా ఉంటాయేమోనన్న బెంగ అక్కర్లేదు. పింగళి వారి సంభాషణలు పొట్టి వాక్యాలు, స్పష్టమైన ఉచ్చారణ. ఇంగ్లీషు మీడియంలో చదువుతూ ఇంట్లో సగం ఉర్దూ కలిసిన హైదరాబాదు తెలుగు మాట్లాడే మా పిల్లలు ఒకటి రెండు చోట్ల తప్ప అర్థం అడగలేదు. ప్రతి పాటకూ ముందుకు జరపవద్దు. 'ఎంత ఘాటు ప్రేమయో', 'కలవరమాయే మదిలో' రెండూ తప్పనిసరిగా ఉంచండి. కొలువులో వచ్చే నృత్యాల్లో ఒకటి రెండు దాటవేసినా కథకు లోటు రాదు, సావిత్రి గారి నృత్యం తప్ప.

దసరా సెలవులకు పిల్లలు మా ఇంటికి వస్తామన్నారు. అప్పటికి ఇదే దర్శకుడు 1949లో తీసిన 'గుణసుందరి కథ', 1961లో తీసిన 'జగదేకవీరుని కథ' రెండింటికీ సాగదీయని ప్రతులు వెతికి పెట్టాలి. చిన్నవాడు మాత్రం ముందు మళ్ళీ మాంత్రికుణ్ణే చూడాలని ఇప్పటికే చెప్పి ఉంచాడు.